బాబాయిని అనుమానించిన రోజు

మా పక్కింటి బాబాయి పోయాడని పొద్దున్నే ఆయన భార్య, పిన్ని ఫోన్ చేసింది. నేను నమ్మలేదు. నిన్న సాయంత్రం దవాఖానాలో నాతో మాట్లాడిన మనిషి! ఇంకొకరిని అడిగి తెలుసుకున్నాకే చెప్పులేసుకున్నాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ జబ్బుతోనే ఆయన్ను ఒకసారి నొప్పించాను.

బాబాయి మాకు చుట్టం కాదు. భద్రాచలంలో బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. అనుమానంలో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. ఎవరు ఏ మోటారు తెచ్చినా ముందు ఆ మనిషిని ఎగాదిగా చూసి, "నువ్వేం ముట్టుకున్నవ్?" అని అడిగేవాడు. మా చేపల తొట్టిలో లైటు ఆరినా, ఫిల్టరు మొరాయించినా అదే ప్రశ్న. నాకు ఒళ్లు మండేది.

కిందటేడు వేంసూరులో పెళ్లికి పోతూ, చేపలకు మేత వేయమని ఇంటి తాళంచెవి ఆయనకే ఇచ్చాం. మూడో రోజు సాయంత్రం వచ్చి చూస్తే తొట్టిలో సగం నీళ్లు లేవు. గదంతా తడి. గాలి కొట్టే పంపు పనిచేయడం లేదు. రెండు గోల్డ్ ఫిష్‌లు చచ్చి తేలుతున్నాయి. పొద్దున మేత వేసినప్పుడు అంతా బాగానే ఉందన్నాడు బాబాయి. మరి ఇంట్లోకి ఇంకెవరొచ్చారు? ఏదో కెలికి ఉంటాడు, ఇప్పుడు దాస్తున్నాడు అనుకున్నాను. మా అత్తగారు వస్తున్నారని అబద్ధమాడి తాళంచెవి తిరిగి అడిగాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి ఇచ్చేశాడు.

మర్నాడు పిలవకుండానే ఇంకో పంపు పట్టుకుని వచ్చాడు. ముందు పాడైన పంపు విప్పాడు. లోపల నీళ్లున్నాయి. తను తెచ్చినదాన్ని అదే చోట పెట్టి, గొట్టం తగిలించి, కాసేపు నడిపి ప్లగ్గు పీకాడు. తర్వాత నేలమీద బోర్లా పడుకుని గొట్టాన్నే చూస్తూ ఉన్నాడు. తొట్టిలో నీళ్లు ఆ గొట్టంలోంచే మెల్లగా కిందికి దిగి, పంపులోంచి కారసాగాయి.

"నిన్న గాలికి లైన్ మీద చెట్టు పడి మధ్యాహ్నం దాకా కరెంట్ లేదు. గీ పంపు కిందికి ఎవరు దించిన్రు?"

దించింది నేనే. గుయ్యిమని మోత పెడుతోందని, పెళ్లికి పోయే ముందు అల్మారా మీది నుంచి తీసి తొట్టి కింద పెట్టాను. బోరు మోటారు కిందే ఉంటుంది కదా, ఇదీ అంతేనని నా తెలివి.

బాబాయి పంపును తొట్టికంటే ఎత్తున మేకుకు తగిలించి వెళ్లిపోయాడు. నేను తప్పయిందని చెప్పలేదు. మొదట సిగ్గేసింది, తర్వాత ఆలస్యమైపోయిందనిపించింది. ఆయన మాత్రం వారం వారం వచ్చి ఆ గొట్టం తడిమి చూసి పోయేవాడు.

నిన్న సాయంత్రం ఆయన మంచం పక్కన నిలబడి చెప్పేశాను. "బాబాయ్, ఆ రోజు నీ మీదనే అనుమానపడ్డ. అందుకే తాళంచెవి అడిగిన."

"ఎరుకే. నేను గూడ నీ మీదనే పడ్డ," అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని, "కాకపోతే నేను ఇప్పి చూసిన," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ ఎందుకు దాచానా అని నా మీద నాకే కోపం వచ్చింది. ఆయన మెల్లగా గోడవైపు జరిగి, మంచం మీద నాకు చోటిచ్చాడు.