ఉప్పు చేపా, మత్తుమందూ

2023లో వానలు మొదలైన రోజులు. మత్తు డాక్టర్నయినా నాకంటూ ఒక ఆసుపత్రి లేదు. పొద్దున తెనాలి, మధ్యాహ్నం రేపల్లె, సాయంత్రం బాపట్ల. ఎవరు ఫోన్ చేస్తే వాళ్ళ థియేటర్‌కి బ్యాగు పట్టుకుని పరుగెత్తడమే ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం. కోసిన సర్జన్ పేరు రోగికి జన్మంతా గుర్తుంటుంది. నిద్రపుచ్చి లేపినవాళ్ళ పేరు మర్నాటికే మర్చిపోతారు. ఆ మాట తలుచుకుని అప్పుడప్పుడూ ఉడుక్కుంటాను కూడా.

ఆ రోజు తెనాలి నుంచి సర్జన్ గారు ఫోన్ చేశారు. "గాల్ బ్లాడర్‌లో రాళ్ళు మేడమ్. రెండుసార్లు నొప్పితో చేరింది, రెండుసార్లూ సంతకం పెట్టకుండా వెళ్ళిపోయింది. ఈసారి ఇన్ఫెక్షన్ మొదలైంది, ఆగితే ప్రాణం మీదికొస్తుంది. సర్జరీకి కాదట, మత్తుకి భయమట. మీరే మాట్లాడాలి."

ఆమె పేరు నాగరత్నమ్మ. నిజాంపట్నంలో ఎండు చేపల వ్యాపారం. యాభై దాటిన మనిషి, తొంభై కిలోల పైమాటే. పక్కన కూతురు కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"కత్తికి భయపడేదాన్ని కాదమ్మా," అంది నాగరత్నమ్మ. "గర్భసంచి ఆపరేషన్‌కి పొద్దున పడుకోబెడితే మర్నాడు మధ్యాహ్నానికి లేచాను. మావాళ్ళు చుట్టాలకి కబుర్లు కూడా పెట్టేశారు. ఈసారి లేవకపోతే ఈ పిల్లకి ఎవరున్నారు?"

అప్పటి కాగితం ఆమె దగ్గరే ఉంది. వాడింది హాలోథేన్, పాతకాలపు మత్తు వాయువు. దానికి తోడు ఎక్కువసేపు పనిచేసే నిద్రమందు కూడా ఇచ్చారు. నాకు సంగతి అర్థమైంది. వెంటనే పాఠం మొదలుపెట్టాను. హాలోథేన్‌కి సాల్యుబిలిటీ ఎక్కువ, అంటే రక్తంలో బాగా కరుగుతుంది, కొవ్వులో ఇంకా బాగా కరుగుతుంది. అందుకే ఒంట్లోంచి మెల్లగా పోతుంది. ఇప్పుడు వాడే సెవోఫ్లురేన్ రక్తంలో తక్కువ కరుగుతుంది కాబట్టి తొందరగా పోతుంది. అంకెలు కూడా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"కరగని మందు పనేం చేసిద్దమ్మా?" అంది.

ఇరవై ఏళ్ళలో నన్ను ఏ పేషెంటూ అడగని ప్రశ్న అది! పోస్టుగ్రాడ్యుయేషన్‌లో మా ప్రొఫెసర్ ఇదే ప్రశ్న వేసి మమ్మల్ని నిలబెట్టేవారు.

"రక్తం బండి లాంటిదమ్మా. సరుకు దిగాల్సింది మెదడు దగ్గర. బాగా కరిగే మందు బండి దిగనంటుంది. తక్కువ కరిగేది వెంటనే దిగి పని చేస్తుంది, ఆపగానే ఊపిరితో బయటికొచ్చేస్తుంది."

ఆమె ఉప్పు రుద్దుతున్నట్టు చెయ్యి ఆడించింది. "అంటే పాత మందు వంజరం చేప ముక్కకి ఉప్పు పట్టినట్టు లోపలిదాకా పట్టిద్దన్నమాట. కొత్తది పైపైన అంటుకుంటే కడిగితే పోయిద్ది. అంతేనా?"

"అంతేనమ్మా."

"మరి నీళ్ళు మారుస్తారా?"

నాకు అర్థం కాలేదు.

"ఉప్పు చేపని ఒకే నీళ్ళలో ఎంతసేపు నానబెట్టినా ఉప్పు పోదమ్మా. ఆ నీళ్ళే ఉప్పయిపోతాయి. పారబోసి కొత్త నీళ్ళు పొయ్యాల. మీరు పోస్తారా, అదే నీళ్ళలో ఉంచుతారా?"

మేం ఫ్రెష్ గ్యాస్ ఫ్లో అనేది అదే. యంత్రం నుంచి రోగికి వెళ్ళే తాజా వాయువు అది. తక్కువగా పెడితే వదిలిన ఊపిరే, అందులో ఉన్న మందుతో సహా, మళ్ళీ లోపలికి పోతుంది. లేపేటప్పుడు దాన్ని బాగా పెంచాలి. తర్వాతి కేసు తొందరలో ఆ పని ఆలస్యం చేసిన రోజులు నాకూ ఉన్నాయి.

"పోస్తానమ్మా. కుండపోతగా పోస్తాను," అన్నాను. ఆమె ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం లాక్కుని సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున థియేటర్‌లో నాకే భయం పట్టుకుంది. మాట ఇచ్చేశాను మరి! థైరాయిడ్ లోపం ఉన్నా మెలకువ ఆలస్యమవుతుంది కాబట్టి ఆ పరీక్ష ముందే చూసుకున్నాను, మిగతా మందులన్నీ ఆచితూచి ఇచ్చాను, ఒళ్ళు చల్లబడకుండా వెచ్చటి దుప్పటి కప్పించాను. గాల్ బ్లాడర్ చీముతో ఉబ్బి ఉంది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే పగిలేదన్నారు సర్జన్ గారు. కుట్లు పూర్తవుతుండగా సెవోఫ్లురేన్ డయల్ కట్టేసి, ఫ్లో పూర్తిగా పెంచాను. తెరమీద ఆమె ఊపిరిలోని మందు అంకె చకచకా పడిపోతోంది. కండరాలు వదులు చేసిన మందుకి విరుగుడు ఇచ్చాను. సొంతంగా ఊపిరి తీసుకుంది, పిలిస్తే తల ఎత్తింది. గొంతులో పెట్టిన ఊపిరి గొట్టం తీశాను. సర్జన్ గారు ఇంకా గ్లోవ్స్ విప్పనేలేదు.

నాగరత్నమ్మ కళ్ళు తెరిచింది. గొంతు బొంగురుగా ఉంది.

"టైమెంతయింది?"

"పదకొండుంబావు."

"ఏ రోజు?"

"ఈ రోజేనమ్మా!"

నవ్విందో ఏడ్చిందో తెలియదు కానీ నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ పూటంతా పరీక్ష ఫస్టు క్లాసులో పాసైన పిల్లలా తిరిగాను.

అప్పటిదాకా రోగులతో "భయపడకండి" అని ఊరుకునేదాన్ని. ఇప్పుడు "ఎందుకు భయం?" అని అడుగుతున్నాను, "ఏం పని చేస్తారు?" అని కూడా అడుగుతున్నాను. ఆ భయం వెనక సాధారణంగా ఒక సరైన ప్రశ్న ఉంటుంది. దుగ్గిరాల పసుపు రైతుకి పసుపు ఉడకబెట్టడంతోనూ, చీరాల నేతగాడికి రంగు అద్దకంతోనూ మొదలుపెడితే మాట తేలిగ్గా ఎక్కుతుందని నేర్చుకున్నాను.

మూడు నెలల తర్వాత నాగరత్నమ్మ తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది. హెర్నియా ఆపరేషన్. నేను వార్డులోకి వెళ్ళేసరికి చెల్లెలితోపాటు పక్క మంచాలవాళ్ళు కూడా చుట్టూ చేరి వింటున్నారు. ఏ మందు తొందరగా పోతుందో, ఏది ఎందుకు ఆలస్యం చేస్తుందో నాగరత్నమ్మ చేతులు తిప్పుతూ చెబుతోంది. తప్పేమైనా దొర్లుతుందేమోనని గుమ్మం దగ్గరే నిలబడి చివరిదాకా విన్నాను. ఒక్కటి కూడా దొర్లలేదు. చెల్లెలి చేత సంతకం పెట్టించిన కాగితం నా చేతికిచ్చి, "చెప్పాల్సిందంతా చెప్పేశాను, మీరు పని చూసుకోండమ్మా," అంది.