అద్దాల ఇంటికి తాటాకు పందిరి

ఆ రోజుల్లో ఎండా నీడా నేను గీసిన గీత దాటవని నాకు గట్టి నమ్మకం. ఆర్కిటెక్చరు పట్టా అప్పుడే చేతికొచ్చింది. పెన్సిలుతో సూర్యుణ్ణి ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడేవాడు. మనుషుల్ని నిలబెట్టడమే రాలేదు. (ఇప్పటికీ రాలేదనుకోండి.) అలాంటి సమయంలో మా అక్క భర్త, అంటే మా బావగారు, ఇక తిరిగి వెళ్ళేది లేదని కువైట్ నుంచి వచ్చేసి, రాజోలులో ఇల్లు తలపెట్టి, ప్లాను గీసే భాగ్యం నాకిచ్చారు.

స్థలం పడమటి ముఖం. రోడ్డువైపు కొబ్బరిచెట్ల వరస. వాటిని అలాగే ఉంచి, వాటి వెనక లోతైన వరండా, కిటికీల మీద వెడల్పాటి సన్‌షేడ్లు గీశాను. బావగారు ప్లానుని కాసేపు తలకిందులుగా, కాసేపు తిన్నగా చూసి, "బావుందయ్యా. మా తాతగారిల్లు అచ్చం ఇలాగే ఉండేది. దాన్ని పడగొట్టే కదా ఇది కడతన్నాం" అన్నారు. ఆయనకు కావలసింది ముందుగోడంతా అద్దం. "మధ్యాహ్నం నుంచీ ఎండ తిన్నగా లోపలికొచ్చేస్తుందండి బావగారూ, ఉడికిపోతారు" అన్నాను. "నువ్వు అద్దాన్ని పుస్తకంలో చూసేవు. నేను కువైట్‌లో తాడుకి వేలాడి తుడిచేను. బయట నా వీపు కాలిపోతంటే లోపల కోట్లేసుకుని కూర్చునేవోరు. ఒకావిడైతే చలేసి శాలువా కప్పుకునేది." అది ఏసీ మహిమండి అన్నాను. "ఆయ్, మనవీ పెడదాం ఒకటి" అని, ప్లానులో ముందుగోడ మీద వేలు పెట్టి, "ఒక్కసారి లోపల కూర్చుని బయటికి చూడాలయ్యా" అన్నారు. నేను రబ్బరు తీసి ఆ గోడ చెరిపేశాను. అద్దం అందం కనబడదని చెట్లు కూడా కొట్టించేశారు.

గృహప్రవేశం వైశాఖంలో. భోజనాలకి ఇంటి ముందు నుంచి రోడ్డు దాకా తాటాకు పందిరి వేశారు. ఇంకా ఏసీ బిగించకపోయినా, ఆ నీడకి హాలంతా చల్లగా ఉంది. బావగారి పెద్దమ్మగారు కొత్త సోఫాలో గుర్రు పెట్టారు. "ఏవండీ ఇంజనీరుగారూ, ఉడికిపోతావన్నారు?" అన్నారు బావగారు పంక్తి మధ్యలో నిలబడి. "మా తమ్ముడికి అన్నం ఉడికిందో లేదో కూడా తెలీదండి" అంది అక్క. అందరూ నవ్వారు. ఆ చలవ అద్దానిది కాదు, పందిరిదని చెబుదామని నోరు తెరిస్తే ఎవరో బూరె పెట్టేశారు.

పందిరి విప్పిన సాయంత్రమే అక్క ఫోను. "ఒరేయ్, సోఫా మీద కూర్చుంటే కాలిపోతందిరా." ఒక ఏసీ కాస్తా గదికొకటయింది. కరెంటు పోతే అందరూ వీధిలోనే. చివరికి బావగారు పందిరి మళ్ళీ వేయించారు. దారినపోయేవాళ్ళు "పెళ్ళాండీ?" అని ఆగేవారు. ఒకాయనైతే చెప్పులు విప్పి, ముఖం దిగాలుగా పెట్టుకుని లోపలికొచ్చి, "ఎప్పుడు జరిగిందమ్మా?" అని అక్కని పరామర్శించాడు. ఆయన పోయారనుకున్న బావగారు పక్క కుర్చీలోనే ఉన్నారు. మర్నాడే పందిరి పీకించేశారు. అద్దం తీసేసి గోడ కడదామన్నాను. "గోడ కోసవైతే నేను కువైట్ ఎందుకెళ్ళినట్టయ్యా?" అన్నారు.

వానలు పడేలోగా బావగారు మళ్ళీ కువైట్ వెళ్ళిపోయారు. ఏసీలు తిరగాలి కదా. అదే పని: తాడు, బకెట్టు, అద్దం. లోపల కూర్చుని బయటికి చూసే పని అక్కకి మిగిలింది, అదీ పరదా తీస్తేనే.

నేనిప్పుడు పట్టణాల్లో రోడ్ల పక్క చెట్లు కొట్టకండి, ఇళ్ళకి నీడ ఉంచండి అని సభల్లో మాట్లాడుతూ ఉంటాను. సభలన్నీ అద్దాల హాళ్ళలోనే. ఎండ పడుతోందని పరదాలు లాగి, పట్టపగలు లైట్లు వేసి నన్ను మాట్లాడమంటారు. మొన్న ఒకచోట పరదా సందులోంచి, తాడుకి వేలాడుతూ అద్దం తుడుస్తున్న ఒకతను కనిపించాడు. అతనూ నన్ను చూశాడు. అప్పుడే భుజాల మీద సన్మానం శాలువా కప్పారు. తీసి పక్కన పెడదామనుకున్నాను. చలేస్తోంది. ఇంకాస్త దగ్గరకి లాక్కుని, నీడ గురించి మొదలుపెట్టాను.