మేడమీద వన్స్‌మోర్

చిల్కానగర్‌లో మా మేడమీది గదిలో ఒకాయన ఒంటరిగా అద్దెకుండేవాడు. నాచారంలో కంపెనీ పని, సెలవొస్తే నాటకం. నాటక కంపెనీ కష్టాల మీద రాసిన నవ్వుల పాటల నాటకంలో ఆయనది ఓనరు వేషం. జనం రాకపోతే ఆ ఓనరు పాట పాడి, స్టేజీ మీంచి కిందికి దూకి, ఖాళీ కుర్చీలో కూర్చుని తానే "వన్స్‌మోర్" అని అరిచి, మళ్ళీ ఎక్కి పాడతాడు. ఆ నాటకం చూసి కడుపు నొచ్చేలా నవ్వాను.

మేడమీద బట్టలారేస్తూ కూడా అంతే. పాడి, ఆగి, మెల్లగా "వన్స్‌మోర్" అనుకుని మళ్ళీ పాడేవాడు. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఒకనాడు మెట్ల మీంచి నేనే "వన్స్‌మోర్" అన్నాను.

"అది నా డైలాగు గదా అక్కా," అన్నాడు.

"జర నన్ను గూడ అననియ్యి తమ్మీ. పాడు."

పాడాడు. అప్పటినుంచి పాట అయ్యాక మెట్లవైపు చూసేవాడు. నేను మల్కాజిగిరిలో బిడ్డ ఇంటికి పోయిన రోజుల్లో ఏం చేసేవాడో, ఆయన గది ఖాళీ చేసి పోయేలోపు అడగనే లేకపోయాను.