పెద్దక్క మానేసిన పని

ఆ ఇంట్లో దేవుడితో మాట్లాడే పని పెద్దక్కది. మిగతావాళ్లకి ఆయనతో ముఖపరిచయం కూడా లేదు. చెల్లెలు బడిలో లెక్కలు చెబుతుంది, తమ్ముడు బస్సు నడుపుతాడు, ఇద్దరికీ అంత తీరిక ఎక్కడిది? అందుకే ఏ అవసరం వచ్చినా ఫోను పెద్దక్కకే వచ్చేది. పిల్లల పరీక్షలు, బ్యాంకు అప్పు, మరదలి నడుం నొప్పి, ఆఖరికి పక్కింటివాళ్ల తప్పిపోయిన పిల్లి కూడా. కుళాయి కారుతుంటే ప్లంబరుకి చెప్పినట్టు, "అక్కా, దేవుడికి ఓ మాట చెప్పు" అనేసి చేతులు దులుపుకునేవారు.

ఆవిడ పరదాలు కుట్టే దుకాణంలో పని చేస్తుంది. ఒకటే గది. గోడ పొడవునా బట్టల తానులు, మధ్యలో కత్తిరించే బల్ల, కిటికీ దగ్గర ఆవిడ మిషను. ఫోను రాగానే పెడల్ మీంచి కాలు తీసి, కళ్లు మూసుకుని పెదాలు కదిపేది. యజమాని కిక్కురుమనేవాడు కాదు. అతని మోకాళ్ల సంగతి కూడా ఆవిడే చూస్తోంది మరి.

చిన్నప్పుడు తమ్ముడికి జ్వరం వస్తే ఈవిడ మంచం పక్కన కూర్చుని ప్రార్థించిందట, తెల్లారేసరికి జ్వరం దిగిందట. దాంతో వాళ్లమ్మ "దీని మాట దేవుడు వింటాడు" అని తేల్చేసింది. తేల్చేవాళ్లకేం, మోసేవాళ్లకి కదా తెలిసేది. అనుకున్న పని జరిగితే అది దేవుడి దయ. జరక్కపోతే అక్క మనసుపెట్టి చెప్పలేదు. ఈ న్యాయం ఆ ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు, చాలాకాలం ఆవిడకి కూడా తోచలేదు.

ఎవరికైనా నమ్మకం పోయిందంటే జనం ముందు కష్టం ఏమొచ్చిందని ఆరా తీస్తారు. ఈవిడకి ఏ కష్టమూ రాలేదు. చెల్లెలి కొడుకూ, దుకాణం యజమాని కూతురూ ఒకే ఉద్యోగానికి ఒకే రోజు ఇంటర్వ్యూకి వెళ్లారు, అంతే. ఉన్నది ఒక్క ఖాళీ. పొద్దున్నే రెండు వైపుల నుంచీ కబురు వచ్చింది. పెద్దక్క కళ్లు మూసుకుని ఆ అబ్బాయికి రావాలని అడిగింది. తర్వాత ఆ అమ్మాయికి రావాలని అడిగింది. రెండోది సగంలో ఉండగా నవ్వొచ్చేసింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఉద్యోగం ఇంకెవరో ఎగరేసుకుపోయారు, అది వేరే సంగతి.

ఆ తర్వాత ఎప్పుడు కళ్లు మూసుకున్నా అవతల ఎవరూ ఉన్నట్టు అనిపించలేదు. మొదట్లో హడలిపోయింది. కొన్నాళ్లు ఇంకా గట్టిగా అడిగి చూసింది. తన గొంతు తనకే వినిపించింది. చివరికి ఓ మధ్యాహ్నం, నీలం పరదాకి అంచు మడుస్తూ, "లేడు" అనుకుంది. ఆకాశమేమీ విరిగి పడలేదు. అంచు మాత్రం తిన్నగా వచ్చింది.

ఆ మర్నాటి నుంచి హాయిగా ఉందంటే అబద్ధమే. సాయంత్రాలు బోసిపోయాయి. ప్రార్థనకి కూర్చునే వేళకి ఏం చెయ్యాలో తోచక గిన్నెలన్నీ మళ్లీ తోమేది. కాలికి ఏదైనా తగిలితే నోట్లోంచి "దేవుడా" అనే వచ్చేది. రానీ, నోటికేం తెలుసు, అని ఊరుకుంది. కానీ ఫోన్లు వస్తే మాత్రం ఉన్నమాట చెప్పేసింది: ఆ పని మానేశాను, ఇక ఎవరిది వాళ్లే చూసుకోండి.

ఇంట్లో కొంప మునిగినంత పనైంది. ఒంట్లో బాగాలేదేమో, డాక్టరుకి చూపిద్దామన్నారు. చెల్లెలు రెండిళ్ల అవతలి నుంచి రోజూ వచ్చి చెవిలో పోరు పెట్టింది. నమ్మకం లేకపోతే మానె, చెప్పడం ఎందుకు మానాలి అని ఆవిడ వాదం. లెక్కల టీచరు వేసిన లెక్క అది.

అలా ఉండగా తమ్ముడికి గుండె ఆపరేషన్ అన్నారు.

పెద్దక్కకి వాడంటే ప్రాణం. అది అందరికీ తెలుసు కాబట్టే, ఆపరేషన్ ముందురోజు వార్డు బయట మరదలు ఆవిడ చెయ్యి వదల్లేదు. మా ఆయన ధైర్యం కోసమైనా ఒక్కసారి చెయ్యమని ఏడ్చింది. మంచం పక్కన కాసేపు కళ్లు మూసుకుని నిలబడితే చాలు, లోపల ఏమనుకుంటున్నావో వాడికేం తెలుస్తుంది అని చెల్లెలు అందుకుంది. మాట నిజమే. చిన్న అబద్ధంతో వాడు ఆ రాత్రి నిద్రపోయేవాడు. లోపలికి వెళుతున్నప్పుడు పెద్దక్కకి కూడా ఏం చేస్తుందో తెలియదు.

తమ్ముడు తలగడకి ఆనుకుని ఉన్నాడు. అంత మనిషీ సగమైపోయాడు.

"రేపు చెబుతావు కదక్కా?"

అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది.

"చెప్పను రా."

"నువ్వు చెప్పక నాకేమైనా అయితే?"

"అయితే అది నా తప్పు కాదు. అమ్మ పోయిన రాత్రి ప్రార్థనలో కూర్చుని కునుకు తీశాను. నా వల్లే పోయిందని ఇన్నేళ్లూ కుమిలిపోయాను. కాదక్కా అని మీలో ఒక్కరూ అనలేదు. ఆ బరువు ఇప్పుడిప్పుడే దించుకున్నాను. నీ కోసం కూడా మళ్లీ ఎత్తుకోను."

తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గుమ్మంలో నిలబడి విన్న చెల్లెలు, నీది గుండా బండా అని అడిగింది. పెద్దక్క ఇంటికి వెళ్లలేదు. స్టూలు లాక్కుని వాడి కాళ్ల దగ్గరే కూర్చుంది. పొమ్మని వాడూ అనలేదు.

పొద్దున్న వాడిని లోపలికి తీసుకెళ్లాక ముగ్గురు ఆడవాళ్లూ బయట బల్ల మీద కూర్చున్నారు. మరదలూ చెల్లెలూ తలుపు వైపు చూడటం మానేసి పెద్దక్క పెదాల వైపు చూస్తూ గడిపారు. అవి కదల్లేదు. డాక్టరు బయటికి వచ్చి అంతా బాగా జరిగిందని చెప్పగానే చెల్లెలు అక్కని వాటేసుకుని, నాకు తెలుసు, మనసులో చెప్పుకునే ఉంటావని మురిసిపోయింది. లేదని చెప్పినా వినిపించుకుంటేగా. మరదలు అప్పటికే ఆ కబురు ఫోన్లో నలుగురికీ చేరవేస్తోంది.

మర్నాడు తమ్ముడికి బాగా మెలకువ వచ్చింది. మొదట అడిగింది ఆ మాటే.

"నిజం చెప్పక్కా. చెప్పావు కదూ?"

వాడి వెనక నిలబడి మరదలు అవునను అని సైగలు చేస్తోంది.

"చెప్పలేదు."

"మరి అంతసేపూ ఏం చేశావు?"

"భయపడ్డాను. ఇదివరకు నీకేమొచ్చినా దేవుడు చూసుకుంటాడని కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. నీ గురించి భయపడటం ఎలా ఉంటుందో నాకు తెలీదు. నిన్న తెలిసింది. నువ్వు పోతావేమోనని చచ్చేంత భయపడ్డాను రా."

తమ్ముడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"నేనూ భయపడ్డానక్కా" అన్నాడు.

అంతలో నర్సు మందులు పట్టుకుని వచ్చి, అదృష్టవంతులండీ, తొందరగా తేరుకుంటున్నారు అంది. మరదలు మొహం వెలిగిపోయింది. అంతా మా వదిన ప్రార్థన బలమని మొదలుపెట్టింది. పెద్దక్క కాదని చెప్పబోయింది, కానీ ఈలోగా తమ్ముడే చెయ్యెత్తి భార్యని ఆపాడు. గదిలో అందరికీ వినిపించేలా అన్నాడు.

"మీ వదిన ఏ ప్రార్థనా చెయ్యలేదు. నా కోసం భయపడింది."