టీవీలో అమ్మ కన్నీళ్లు

చెల్లెలు పాటల పోటీలో చివరి రౌండుకు చేరింది. అది హైదరాబాద్‌లోనే ఉంది, పోటీ అయ్యేదాకా దాని ఫోన్ టీవీవాళ్ల దగ్గరేనట. ఇంటిని చూపించాలంటూ వాళ్లు ఇటిక్యాల పక్కన మా ఊరికి వచ్చారు. డైరెక్టరు అడుగు పెడుతూనే అమ్మ కట్టుకున్న కొత్త చీర మార్పించాడు, ఫ్రిజ్ మీద దుప్పటి కప్పించాడు. మా పేదరికం అతనికి సరిపోలేదు కాబోలు! నాకు ఒళ్లు మండింది. నోరు తెరిస్తే చెల్లెలి అవకాశం పోతుందేమోనని ఊరుకున్నాను.

అమ్మను నాన్న ఫొటో కింద కూర్చోబెట్టాడు. నాన్న ముంబైలో బిల్డింగు పనిలో పైనుంచి పడి చనిపోయాడు. శవం వచ్చిన రోజు కూడా అమ్మ మా ముందు ఏడవలేదు. పిల్లలు బెదిరిపోతారని దొడ్లోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేది.

"ఆయన చివరిసారి ఫోన్లో ఏమన్నారమ్మా?" గుచ్చిగుచ్చి అడిగాడు. అమ్మ కళ్లు పొడిగానే ఉన్నాయి.

"కాస్త ఏడిస్తే జనం ఓట్లేస్తారమ్మా. మీ పాప కోసమే కదా."

అమ్మ నావైపు చూసింది.

"నా బిడ్డ పాట ఇని ఓట్లేస్తె ఎయ్యమను సారూ. నా ఏడుపు నేను సూపియ్య."

అతను నవ్వి, వంట చేస్తున్నట్టు రెండు షాట్లు చాలన్నాడు. ఇంట్లో గ్యాస్ ఉన్నా, నీళ్లు కాచుకునే బయటి పొయ్యి ముట్టించమన్నాడు. పత్తికట్టె వానకు తడిసి ఉంది. అమ్మ పొగలో ఊదుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంది. గండం గడిచిందనుకున్నాను.

ఆదివారం లైవ్. మా ఇంటి నిండా ఇరుగుపొరుగు. టీవీలో నాన్న ఫొటో, ఏడుపు సంగీతం, వెంటనే కళ్లు తుడుచుకుంటున్న అమ్మ. పొయ్యి లేదు, పొగ లేదు, అమ్మ ముఖం ఒక్కటే. స్టేజి మీద పాడుతున్న చెల్లెలు అక్కడి తెర మీద అది చూసి కుప్పకూలింది. పాట సగంలో ఆగిపోయింది. కెమెరా దాని ముఖం మీదికి ఇంకా దగ్గరగా వెళ్లింది. దుర్మార్గులు!

"ఇన్నేండ్లు కడుపుల దాసుకున్నవా వదినా," అని పక్కింటామె అమ్మ చేయి పట్టుకుంది. అమ్మ విడిపించుకుంది.

షో అయ్యాక ఫోన్ మోగింది. చెల్లెలే.

"అమ్మా, నా కోసం అందరి ముందట ఏడ్చినవా?"

"ఏడ్వలే బిడ్డా. కట్టెలు పచ్చిగ ఉండె, పొగ."

"మరి ఇప్పుడెందుకు నీ గొంతు గట్లుంది?"

అందరూ చూస్తుండగానే అమ్మ చెంపల మీదుగా నీళ్లు కారిపోతున్నాయి. గోడవైపు తిరిగింది.

"ఇది గూడ పొగనే బిడ్డా," అంది.