బాప్తిస్మం తొట్టిలో స్టీలు ఊచలు

మా చర్చిలో బాప్తిస్మం తొట్టి పగిలినప్పుడు ఆ పని నాకు అప్పగించారు. నేను నందిగామలో ఇళ్లకు ప్లాన్లు గీసి, దగ్గరుండి కట్టించే ఇంజనీర్ని. మా బోరు నీళ్లు ఉప్పన. పాత గోడ కొట్టి చూస్తే లోపల ఇనుప ఊచలు తుప్పు పట్టి ఉబ్బి, పొరలు పొరలుగా రాలాయి. ఆ ఉబ్బుకే కాంక్రీటు పగిలింది.

మళ్లీ అలా కాకూడదని సంఘంలో ఒకావిడ, చనిపోయిన వాళ్లమ్మ పేరున, స్టెయిన్‌లెస్ స్టీలు ఊచలు ఇప్పించింది. మామూలుగా ఊచల్ని తీగతో కడతాం. అయితే పెద్దవాళ్లు పట్టుకుని దిగడానికి మెట్ల పక్కన పైపు నిలబెట్టాలి. దాని కాళ్లను ఊచలకు వెల్డింగు చేయాలి. అందుకు జగ్గయ్యపేట నుంచి గేట్లు, గ్రిల్సు చేసే వెల్డరు వచ్చి అతుకులు వేసి వెళ్లాడు. కాంక్రీటు పోసేలోపే ముసురు పట్టింది. వెలిశాక వెళ్లి చూశాను. ఊచలు మెరుస్తూనే ఉన్నాయి. ప్రతి అతుకు చుట్టూ మాత్రం గోధుమరంగు మరక.

"స్టీలుకి తుప్పేంటమ్మా? మోసపోయామా?" అన్నారు పాస్టరుగారు. ఊచలు ఇప్పించినావిడ పక్కనే ఉంది. ఆమె మొహం చిన్నబోయింది.

ఫోను చేస్తే వెల్డరు మధ్యాహ్నానికల్లా బండి మీద వచ్చాడు.

"నా పని గట్టిదే మేడం. మీ ఊచలే డూప్లికేటేమో చూసుకోండి," అన్నాడు దిగుతూనే.

"మిమ్మల్ని అనట్లేదు భాయ్. కాలిన చోటే వచ్చింది చూడండి," అన్నా.

స్టీలును తుప్పు నుంచి కాపాడేది పైనుండే, కంటికి కనపడని పలచని పొర. వెల్డింగు వేడికి నీలంగా, నల్లగా కమిలిన చోట ఆ పొర చెడిపోతుంది. తడైనా ఉప్పైనా ముందు అక్కడే తినడం మొదలుపెడుతుంది. ఇదంతా చదువుకున్నదే గాని, కళ్లతో చూడడం నాకూ అదే మొదటిసారి. అందుకే మిగిలిన ముక్కల మీద రెండు అతుకులు వేయించాను. ఒకటి అలాగే వదిలేశాం. రెండోదానికి యాసిడ్ పేస్టు రాసి, కమిలిన రంగంతా పోయేలా కడిగాం. రెండింటినీ ఉప్పు కలిపిన బోరు నీళ్ల బకెట్లో వేశాం.

వారం తర్వాత తీస్తే కడగని అతుకు చుట్టూ తుప్పు, కడిగినది శుభ్రంగా ఉంది. వెల్డరు రెండు ముక్కల్నీ ఎండకు పట్టి తిప్పితిప్పి చూశాడు.

"ఇన్నాళ్లూ అతుకు కడిగేది అందానికే అనుకున్నా మేడం," అన్నాడు.

ఆ రోజే తొట్టిలో అతుకులన్నిటికీ పని పెట్టాం. చేతులకు గ్లవ్సు, మొహానికి మాస్కు వేసుకుని అతను పేస్టు రాశాడు. ఉప్పు నీళ్లు వద్దని మంచినీళ్లు తెప్పించి నేనూ, ఊచలు ఇప్పించినావిడా కడిగాం. ఆవిడ ఒక్కో అతుకునీ కొంగుతో తుడిచి మరీ చూసుకుంది.

"ఇప్పుడు నిలుస్తుందా అమ్మాయ్?"

"నిలుస్తుందండీ. చుట్టూ కాంక్రీటు కూడా కాపాడుతుంది. ఎన్నేళ్లంటే మాత్రం చెప్పలేను."

"పాతదానికన్నా నిలిస్తే చాల్లే," అంది. అప్పటికి గాని ఆమె మొహంలో కళ రాలేదు.

మర్నాడు కాంక్రీటు పోశాం. మొదటి బాప్తిస్మాల ఆదివారం వెల్డరును కూడా భోజనానికి పిలిచాం. జనం బంతిలో కూర్చున్నాక అతను ఒక్కడే తొట్టి దగ్గరికి వెళ్లి పైపును రెండు చేతులతో ఊపి చూశాడు. అది కదల్లేదు. తర్వాత వచ్చి, పాస్టరుగారి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.