కుడి స్టీరింగు కారు

నందిగామలో మా ఇంటి వెనక వరండాలో, పాత కుట్టుమిషను బల్ల మీద ఒక పుట్టీ డబ్బా ఉంటుంది. దాని మూత తియ్యగానే థిన్నరూ సుద్దా ఎండకు కాగిన రేకూ కలిసినట్టుండే వాసన ఒకటి ముక్కుకు తగులుతుంది, నేను ఉన్నపళాన జగ్గయ్యపేటలో మా పాత ఇంటి గుమ్మంలో ఉంటాను. కాలేజీలో పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికే మనిషిని నేను. సెలవు రోజుల్లో మాత్రం ఆ బల్ల ముందు కూర్చుని, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కార్లు కడుతుంటాను. అవి కూడా ఏవో మామూలు కార్లు కావు. వెనకటి రోజుల్లో అమెరికా వాళ్ళు ముక్కు పొడుగ్గా పెట్టి, వెనక టైర్లు లావుగా తొడిగి, బానెట్ కింద అవసరానికి మించిన ఇంజను బిగించి చేసుకున్న మజిల్ కార్లు. వాటి నమూనాలు పెట్టెల్లో ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒక్కొక్కటీ కోసి, గీకి, అంటించి, రంగేసి మనమే కారు చేసుకోవాలి.

ఆ పెట్టెలు మన వైపు దుకాణాల్లో దొరకవు. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన ఒకటి కనిపిస్తుంది. ఫోనులో మాలాంటి పిచ్చివాళ్ళం పెట్టుకున్న గుంపులో, ఎవరో ఉత్సాహంగా మొదలుపెట్టి సగంలో విసుగొచ్చి వదిలేసినది ఇంకొకటి దొరుకుతుంది. అందులో చక్రాలుంటే అద్దాలుండవు, అద్దాలుంటే బంపరుండదు. పార్సిలు రాగానే నేను గుమ్మంలోనే అట్ట చింపుతుంటే మా ఆయన, "వాకిట్లో ఉన్న నిజం కారుకి సర్వీసింగు చేయించే తీరిక లేదు గానీ" అంటాడు. అన్నా ఆగను. మా గుంపులో నా పేరు 'కుడి స్టీరింగు మేడం'. అమెరికా కార్లన్నిటికీ స్టీరింగు ఎడమ పక్కనుంటుంది కదా, నేను డాష్‌బోర్డు రెండుగా కోసి, తిప్పి అతికించి, ప్రతి కారుకీ స్టీరింగు కుడి పక్కకు మారుస్తాను. ఎందుకని అడిగిన వాళ్ళందరికీ మా నాన్న కథ చెప్పేదాన్ని.

నాన్న పేరు ఏసోబు. సిమెంటు లారీ తోలేవాడు. జగ్గయ్యపేటలో మా ఇల్లు హైవే నుంచి ఊళ్ళోకి వచ్చే రోడ్డు మీద ఉండేది. లారీ వెళ్ళినప్పుడల్లా గిన్నెలు గలగలమనేవి, పెరట్లో మందారాకుల మీద కూడా సన్నటి తెల్లపొర పేరుకునేది, మిరపకాయలు ఆరబోసే రోజుల్లో ఆ దుమ్ములో ఘాటు కలిసి వీధి వీధంతా తుమ్ముతూ ఉండేది. వీధి పిల్లలం తాటికాయ బుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసి తోలేవాళ్ళం, సోడామూతలు రాయితో చితక్కొట్టి చక్రాలు చేసేవాళ్ళం, అదీ విసుగొస్తే పిట్టగోడ మీద వరసగా కూర్చుని రాబోయే లారీ ఏ రాష్ట్రానిదో పందెం వేసుకునేవాళ్ళం. నాన్న ఇంట్లో ఉన్నాడంటే టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగే చప్పుడు, లుంగీకి అంటిన డీజిలు వాసన, ఆదివారం గుడికి వెళ్ళే ముందు తలకు రాసుకునే కొబ్బరినూనె వాసన. లారీ ఎక్కగానే స్టీరింగు తాకి కళ్ళకద్దుకోవడం ఆయన అలవాటు. ఎంత తొందరలో ఉన్నా అది మానలేదు.

సెలవుల్లో నన్ను నందిగామ దాకా, ఒక్కోసారి కీసర దాకా లారీలో తీసుకెళ్ళేవాడు. ఎడమ పక్క క్లీనరు సీటు నాది. అసలు క్లీనరు బాజీ, నేనెక్కిన రోజున పాపం వెనక్కి సర్దుకునేవాడు. ఆ సీట్లో కూర్చుంటే నా కళ్ళకు ముందున్న రేకు తప్ప ఏమీ కనపడేది కాదు. అందుకని నాన్న తన నీలం గళ్ళ దుప్పటిని మడతల మీద మడత పెట్టి, ఎత్తుగా సీటు మీద వేసి, నన్ను దాని మీద కూర్చోబెట్టేవాడు. బండి కదిలాక రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగేవాడు.

"కనపడతందా?"

"కనపడతంది నాన్నా!"

నిజంగానే అన్నీ కనపడేవి. రోడ్డుకి అటూ ఇటూ చింతచెట్లు తలలు కలిపి కట్టిన పందిరి, పత్తి చేలు, మున్నేరు మీద వంతెన, దూరాన ఎండలో నీళ్ళలా మెరిసి దగ్గరికెళితే మాయమయ్యే రోడ్డు. నందిగామలో ఆగితే కాగితంలో మిరపకాయ బజ్జీలు, వాటి మీద సన్నగా తరిగిన ఉల్లిపాయలు. ఆ ఎత్తు మీద కూర్చుని వాటిని ఊదుకుంటూ తింటుంటే, కలెక్టరు కూతురు కూడా నా ముందు దిగదుడుపే అనిపించేది.

ఒక ఎండాకాలం ముందు వెళుతున్న లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరొచ్చి నాన్న లారీ అద్దం పగిలింది. బండిని పక్కకు తీసి ఆపేవరకూ నాన్న స్టీరింగు వదల్లేదట, పక్కనున్న బాజీకి గీత కూడా పడలేదు. నాన్నకు మాత్రం కుడి కన్ను పోయింది. ఓనరు గారు ఆసుపత్రికొచ్చి చాలాసేపు కూర్చుని వెళ్ళారు. లారీ బాజీ చేతికొచ్చింది.

నాన్న ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. రోడ్డు కనపడేలా వేసి ఉండే మంచాన్ని గోడ వైపుకు తిప్పుకున్నాడు, అంతే. ఒక కన్ను పోతే సగం కనపడదేమో అనుకున్నాను గానీ, ఎంత దూరంలో ఏముందో తెలియకుండా పోతుందని నాకు అప్పుడే తెలిసింది. చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచితే పక్కన పడేవి. తలుపు గొళ్ళెం అందుకోబోతే చెయ్యి ఇవతలే ఆగిపోయేది. నీళ్ళు ఒలికిన ప్రతిసారీ గ్లాసు కింద పెట్టేసి గోడ వైపు తిరిగేవాడు. అమ్మ అంగన్‌వాడీ నుంచి వచ్చి, ఆయన చూడకుండా ఆ నీళ్ళు తుడిచేది. "అన్నం తింటన్నాడు, నిద్ర పోతన్నాడు, మనిషే ఇంట్లో లేడు" అని ఒకరోజు పక్కింటావిడతో అంటూ కళ్ళు ఒత్తుకుంది. నాకు నా పాత నాన్న కావాలనిపించేది. ఆయన మళ్ళీ రోడ్డు వైపు చూస్తే చాలని రోజూ ప్రార్థనలో అదొక్కటే అడిగేదాన్ని.

ఇళ్ళ మీద క్రిస్మస్ నక్షత్రాలు కట్టడం మొదలైన రోజుల్లో బాజీ లోడు మీద బొంబాయి వెళ్ళి వస్తూ ఒక పెట్టె తెచ్చాడు. మూలలు నలిగి, తాడుతో కట్టి ఉంది. "ఫుట్‌పాత్ మీద కనపడిందన్నా. పాపకని తెచ్చా" అన్నాడు, మంచం మీద పెడుతూ. పెట్టె మీద నారింజ రంగు కారు బొమ్మ, దాని వీపు మీద రెండు నల్ల చారలు. మూత తీస్తే లోపల చారలూ లేవు, రంగూ లేదు. తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు, ఎండిపోయిన జిగురు గొట్టం. టైర్లయితే అసలే లేవు. నేను మాత్రం రంగు ఇదే ఉండాలి, చారలు ఇలాగే ఉండాలి అని మొదలుపెట్టాను. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస" అని అమ్మ నవ్వింది. మా ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది.

నాన్న రెండు రోజులు ఆ పెట్టెను ముట్టుకోలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం ఇంజను ముక్కలు చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తున్నాడు. వాటిని దేనితో అతికించాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. సైకిలు పంచరు సొల్యూషను పూస్తే జారిపోయాయి. చివరికి వీధుల్లో తిరిగి పగిలిన ప్లాస్టిక్ బకెట్లకు మాట్లేసే అతను గుర్తొచ్చాడు. అతనిలాగే సూది కాల్చి, రెండు అంచులూ కరిగీ కరగకముందే ఒకదానికొకటి నొక్కాలి. ముక్క పట్టుకోవడం నా పని, సూది పెట్టడం నాన్న పని. సూది ముక్కకు తగలకుండా గాలిలోనే ఆగిపోయేది, లేదంటే దాటిపోయి నా వేలికి చురుక్కుమనిపించేది.

"కనపడతందా నాన్నా?" అనేదాన్ని.

"ఉండు, ఉండు. చూస్తన్నా" అనేవాడు.

కొన్నాళ్ళకు ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. చిటికెన వేలు ముందు నా చేతికి ఆనించి, అక్కడి నుంచి దూరం కొలుచుకుని సూది దించేవాడు. అదే ఉపాయం గ్లాసు దగ్గరా పనికొచ్చింది. అంచుకు వేలు ఆనించి నీళ్ళు వంచితే చుక్క బయట పడలేదు. అమ్మ అది చూసి, చేతిలోని తుడుపు గుడ్డ తీసుకెళ్ళి దండెం మీద ఆరేసింది. టైర్లకు తెగిపోయిన హవాయి చెప్పు అడుగు గుండ్రంగా కోశాడు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం బంపరుకు అతికించాడు. అద్దాలకు మిఠాయి పొట్లాల పసుపు గాజుకాగితం.

ఇక పుట్టీ, రంగు కావాలి. అవి నందిగామలో లారీ బాడీలు కట్టే షెడ్డులో దొరుకుతాయి. బాజీ తెస్తానన్నాడు గానీ నాన్న, "ఆ నారింజ నేను చూసి కలిపిస్తేగాని రాదులేరా" అన్నాడు. అనేసి తనే ఉలిక్కిపడ్డట్టు ఆగాడు. మర్నాడు చొక్కా తొడుక్కుని లారీ దగ్గర నిలబడ్డాడు. కుడి తలుపు వైపు ఒకసారి చూసి, చుట్టూ తిరిగి ఎడమ పక్క ఎక్కాడు. నన్ను మధ్యలో ఇంజను మూత మీద కూర్చోబెట్టుకున్నాడు. చిల్లకల్లు దాటేవరకూ ఒళ్ళోకే చూస్తూ ఉన్నాడు. అప్పుడు ఎక్కడి నుంచో ఒక గేదె రోడ్డెక్కింది. "బాజీ, గొడ్డు! పక్కకి తియ్యి!" అని అరిచాడు. ఇక అక్కడి నుంచి గేర్లు మార్చడం నీకింకా రాలేదని, హారను అంతసేపు కొట్టకూడదని నందిగామ దాకా బాజీ ప్రాణం తీశాడు. బాజీ చెవుల దాకా నవ్వుతూనే తోలాడు.

షెడ్డులో ఆ వాసన, ఇప్పటి నా డబ్బాలోది, అక్కడే మొదటిసారి పీల్చాను. సుత్తి దెబ్బల మధ్య ఒక బల్ల మీద కారు పెట్టి నాన్న నల్లచారలు గీస్తుంటే రంగుల మేస్త్రీ వచ్చి వంగి చూశాడు. "గీత తిన్నగా రావాలని మేం ఒక కన్ను మూసుకుని చూస్తాం. నీకా కష్టం తప్పింది గదయ్యా" అన్నాడు. నేను భయపడ్డాను. నాన్న మాత్రం పగలబడి నవ్వాడు. కొత్త సంవత్సరం రాగానే ఆ షెడ్డులోనే పనికి కుదిరాడు. తర్వాత చాలా ఏళ్ళు ఆ దారిలో తిరిగిన లారీల మీద తామరపూలూ, పావురాలూ, నంబర్లూ నాన్న చేతివే.

ఆ క్రిస్మస్ ముందు రోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా బెల్లప్పాకం వాసన. అమ్మ అరిసెలు వత్తుతోంది. కిటికీలో కారు పూర్తయి ఉంది. ఎగిరి గంతేసి దగ్గరికెళ్ళి చూశాను. పెట్టె మీది బొమ్మలో ఎడమ పక్కనున్న స్టీరింగు మా కారులో కుడి పక్కనుంది.

"నాన్నా, తప్పు పెట్టావు! బొమ్మలో ఎడమ పక్కనుంది!"

"మన రోడ్డు మీద ఎడమ స్టీరింగుతో ఎట్టా తోలతారే? ఎదర వచ్చేది కనపడొద్దూ?"

నేను మూతి ముడుచుకుని పసుపు అద్దంలోంచి లోపలికి చూశాను. ఎడమ సీటు మీద ఏదో చిన్న ముద్ద అంటుకుని ఉంది. "ఇదేంటి, పుట్టీ కూడా కారిపోయింది" అన్నాను ఏడుపు గొంతుతో. నాన్న నా నోట్లో వేడి అరిసె ముక్క పెట్టి, "ఊఁ, మిగిలిందిలే" అన్నాడు.

అమెరికా కార్ల సంగతి తెలియక నాన్న స్టీరింగు మార్చేశాడని ఇంట్లో అందరం చెప్పుకుని నవ్వేవాళ్ళం. ఆయన కూడా మాతో కలిసి నవ్వేవాడు, పోయేవరకూ.

ఇప్పుడు నందిగామలో ఆ షెడ్డు లేదు, లారీలు బాడీలతో సహా ఎక్కడో తయారై వస్తున్నాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్లు పోయాయి. బకెట్లకు మాట్లేసే కేక విని ఎన్నాళ్ళైందో. మొన్న ఎండలకు, నాన్న సూదితో అతికించిన అంచులు వదిలేసి, బీరువా మీదున్న కారు పైభాగం దానంతటదే ఊడి వచ్చింది. సరిచేద్దామని బల్ల మీద పెట్టి దీపం దగ్గరికి లాగాను. ఎడమ సీటు మీద ఉన్నది కారిపోయిన పుట్టీ కాదు. పుట్టీని పలచగా ఒత్తి, మడతల మీద మడత వేసి, ఎత్తుగా పెట్టి ఉంది. దాని మీద వెంట్రుకంత సన్నటి నీలం గళ్ళు.

బాజీ బాబాయికి ఫోను చేశాను. అమెరికా కార్ల సంగతి నాన్నకు తెలియదు కదా అని అడిగాను. "మీ నాన్నకి తెలీకపోవటమేంటమ్మా? లోడు మీద వెళ్ళినప్పుడల్లా బొంబాయి రేవులో ఓడల్లోంచి ఎడమ స్టీరింగు కార్లు దిగతంటే ఇద్దరం నిలబడి చూసేవాళ్ళం గదా. ఆ పక్క సీటు నీదంట. అక్కడ ఇంకేం పెట్టనన్నాడు" అన్నాడు.

సూది కాల్చి అతికించడం నాకూ వచ్చు. అంచులు కరిగించి పైభాగం మూసేముందు మరొక్కసారి ఆ నీలం గళ్ళ మడత వైపు చూశాను. కుడి పక్క స్టీరింగు, దాని వెనక ఖాళీ సీటు, ఎడమ పక్క నా ఎత్తు, ముందు పసుపు అద్దం, దాని అవతల నందిగామ ఎండ.

కనపడతంది నాన్నా.